బండి నడుపువాని ఊపిరి

ప్రతిదినము ప్రొద్దుట పాలవాడు వచ్చినపుడు పాలలో నీరు కలిసినదేమో యని గిన్నె వంచి చూచుకొందుము. కూరలమ్మి తక్కెడ ఎటు మొగ్గుచున్నదో కనిపెట్టుచుందుము. బియ్యములో రాళ్లున్నచో అంగడివానితో తగవు పెట్టుకొందుము. ఇంత జాగ్రత్తపరులమైన మనము, అటుపిమ్మట అర్ధగంటకు బిడ్డను బడి బస్సెక్కించి చేయి ఊపి ఇంటిలోనికి వచ్చునపుడు, ఆ బస్సు నడుపువాడు రాత్రి ఏమి త్రాగెనో, ఏ బిళ్ల మ్రింగెనో యని ఎన్నడైన తలపోసితిమా? తలపోసినను అడుగుటకు నోరు రాదు. అడిగిన బాగుండదేమో యని సంకోచము.

ఈ ప్రశ్నను తల్లులకు మారుగా ప్రభుత్వమే అడుగవలెనని నిశ్చయించి, ఎవరిని, ఎప్పుడు, ఏ రీతిగా అడుగవలయునో సూక్ష్మముగా వ్రాసిపెట్టిన దేశము అమెరికా. ఆ కట్టుబాటును గూర్చి ఈ నెల కొంచెము విపులముగా వ్రాయదలచితిమి. చట్టపు సంగతులని తోడనే పుట త్రిప్పివేయవలదని పాఠక సోదరీమణులకు మా మనవి. ఇందు దగ్గుమందును, గసగసాలును, పనసపండును గూడ వచ్చును.

1987 జనవరి 4వ తేది ఆదివారము. క్రిస్‌మస్ సెలవులు ముగిసి జనులు తమతమ యూళ్లకు మరలుచున్నారు. వాషింగ్‌టన్ నుండి బోస్టను పోవు రైలు మేరీలాండు రాష్ట్రమున చేజ్ అను చిన్న యూరికడ మహావేగముతో వచ్చుచుండగా, ఒకదానితో నొకటి తగిలించిన మూడు ఒంటి ఇంజనులు ఆగుమను గుర్తును దాటి అదే పట్టాలమీదికి వచ్చి నిలిచెను. పదునారుగురు మరణించిరి. పరీక్షింపగా ఆ ఇంజనులను నడిపినవాని శరీరమునందును, అతని తోడివాని శరీరమునందును గంజాయి జాడ కనబడెను. ప్రమాదమును హెచ్చరింపవలసిన ఈల మ్రోగకుండ దానికి పట్టీ అంటించియుండిరట! చనిపోయినవారిలో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున చదువుచున్న పదునారేండ్ల బాలిక యొకతె. ఆమె తలిదండ్రులు ఏడ్చి ఊరకుండలేదు. రవాణా పనివారికి మత్తుపరీక్ష ఉండవలెనని శాసనసభ్యుల గడపలు త్రొక్కిరి.

నాలుగేండ్లు గడచినను శాసనము కాలేదు. 1991 ఆగస్టు 28వ తేది అర్ధరాత్రి దాటినపిమ్మట న్యూయార్కు నగరపు భూగర్భరైలు యూనియన్ స్క్వేరు స్టేషనుకడ పట్టాలు తప్పి ఐదుగురు చనిపోయిరి. నడిపినవాడు త్రాగియుండెను. సరిగా రెండు నెలలకు, అనగా అక్టోబరు 28వ తేదీన, రవాణా పనివారి పరీక్షాశాసనముపై అధ్యక్షుడు జార్జి బుష్ చేవ్రాలు చేసెను. రైళ్లే గాక లారీలు, బస్సులు, విమానములు నడుపువారందరును దాని క్రిందికి వచ్చిరి. లారీ బస్సులకు సంబంధించిన నియమములు పెద్ద సంస్థలకు 1995 జనవరి నుండియు, చిన్న సంస్థలకు మరు సంవత్సరము నుండియు అమలులోనికి వచ్చెను.

ఈ విషయమున ఆ దేశపు తల్లుల పాలు తక్కువది కాదు. 1980 మే నెలలో కాలిఫోర్నియాలో క్యాండీ లైట్‌నర్ అను నామె పదమూడేండ్ల కూతురు వీధిన నడచిపోవుచుండగా త్రాగి కారు నడుపుచున్నవాడొకడు గ్రుద్ది చంపెను. ఆ తల్లి ఆ సంవత్సరమే త్రాగి బండ్లు నడుపుటకు విరుద్ధముగా తల్లుల సంఘము నొకదానిని స్థాపించెను. అంతవరకు ఆ దేశీయులు ‘అయ్యో, ప్రమాదము’ అని నిట్టూర్చు విషయమును ‘ఇది నేరము’ అనిపించినది చాలవరకు ఆ సంఘమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మన సోదరీమణులు సారాయి దుకాణము నెదిరించిన కథ ఎరిగినవారికి, తల్లులు తలచుకొన్న ఏమి కాగలదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కట్టుబాటు సంగతి. ఇది అందరు డ్రైవర్లకును గాదు. సుమారు 11,800 కిలోగ్రాములు మించిన బరువుబండ్లు, తనతో కలిపి 16 మందికి తక్కువ కాకుండ ఎక్కు బస్సులు, హెచ్చరిక పలకలు కట్టి ప్రమాదకర పదార్థములు మోయు బండ్లు – వీనిని నడుపుటకు వేరొక లైసెన్సు కావలెను. ఆ లైసెన్సుతో పనిచేయు వారందరును పరీక్షకు లోబడినవారు. పెద్ద బడి బస్సులు నడుపువారును ఇందే చేరుదురు. అట్టివానికి పనిలో చేరుటకు ముందు మత్తుమందుల పరీక్ష తప్పనిసరి. చేరిన తరువాత నెప్పుడైనను చీటీ వేసినట్లు పేరు వచ్చుట కలదు. ఒక్కొక్క సంస్థలోని డ్రైవర్ల సంఖ్యలో సగము లెక్కకు తగినన్ని పరీక్షలు మత్తుమందులకును, పదవవంతు లెక్కకు మద్యమునకును ఏటేట జరుపవలెను. 2020కి ముందు మత్తుమందుల లెక్క నాలుగవవంతే. పట్టుబడువారు ఎక్కువైనందున పెంచిరి. పేరు వచ్చినదని ముందుగా తెలుపరు. తెలిపినక్షణమే బయలుదేరవలెను. ఒకసారి పేరు వచ్చినవానికి మరుసారి రాదన్న భరోసా లేదు. ప్రతిసారియు అందరి చీటీలును మరల బుట్టలో పడును. తన లారీ తానే నడుపుకొను ఒంటి యజమాని గూడ తన చీటీ తానే తీయరాదు. పలువురితో గూడిన కూటమిలో చేరి తీరవలెను. ఈ చిన్న నియమము మాకు మిక్కిలి నచ్చినది. తన పరీక్షకు తానే పరీక్షాధికారియైన ఎవడు తప్పును?

ఇవి గాక, పైఅధికారికి అనుమానము కలిగినపుడు పరీక్ష. ఆ అనుమానము గిట్టనివానిపై చాడి కాకూడదని, పైఅధికారి ముందుగా మద్యపు లక్షణములు గుర్తించుటకు ఒక గంటయు, మత్తుమందుల లక్షణములకు ఒక గంటయు పాఠము చెప్పించుకొనవలెను. నడక, మాట, వాసన, వాలకము – కన్నులార చూచినదే ఆధారముగాని విన్నది గాదు. మరియు ప్రమాదము జరిగి ప్రాణము పోయినచో తప్పెవరిదైనను పరీక్ష. మద్యపుపరీక్ష రెండు గంటలలో జరుగవలయును, ఎనిమిది గంటలు దాటినచో ఇక చేయరాదు. మత్తుమందులకు 32 గంటల గడువు.

మద్యమునకు ఊపిరి నూదుటయే పరీక్ష. అచ్చటి సామాన్యుడు తన కారు నడుపుకొనునపుడు 100 మిల్లీలీటర్ల రక్తమునకు 80 మిల్లీగ్రాముల వరకు చాలరాష్ట్రములలో నేరము గాదు. లారీవానికి దానిలో సగము, 40 మిల్లీగ్రాములే, హద్దు. 20కిని 40కిని నడుమ తేలినను ఆ దినమునకు చక్రము ముట్టరాదు. 24 గంటలు కూర్చుండవలెను. పని యెక్కుటకు ముందు నాలుగు గంటలలో ఒక్కగుటకయు మ్రింగరాదు. గుటక యనగా సారాయియే గానక్కరలేదు. మద్యము కలిసిన మందైనను అంతే. మన యిండ్లలో వాడు ద్రాక్షారిష్టము, దశమూలారిష్టము మొదలైనవానిలో పులియుటవలన స్వయముగా మద్యము పుట్టును గదా! అచ్చట లారీ నడుపు మన తెలుగువాడెవడైన ఉన్నచో, అతని అత్తగారు ప్రేమతో పంపిన అరిష్టపుసీసా అతనిపాలిట నిజముగా అరిష్టమే యగును.

మత్తుమందులకు మూత్రపరీక్ష. ఇది చదువుట కొంచె మెబ్బెట్టుగా నుండును గాని, మోసము నెట్లు కనిపెట్టుదురో తెలిసికొనదగినది. జేబులలోని వన్నియు పైకి తీయింతురు. పైకోటు విప్పింతురు. చేతులు కడిగింతురు. పాయిఖానా నీటిలో నీలిరంగు కలుపుదురు, కొళాయి కట్టివేయుదురు. నీరు కలిపి పలుచన చేయువీలు లేకుండ. గిన్నెలో 45 మిల్లీలీటర్లకు తక్కువ ఉండరాదు. నాలుగు నిముషములలోపల వేడిమి చూతురు. ఫారన్‌హీటు 90కిని 100కిని నడుమ నుండనిచో అది ఇంటినుండి సీసాలో తెచ్చినదని అనుమానము. పిమ్మట దానిని రెండు సీసాలలో పోసి అతని ఎదుటనే ముద్రవేసి, ఆ ముద్రలపై అతనిచేతనే పొడియక్షరములు వ్రాయింతురు. ఒక సీసా పరీక్షకు, రెండవది అతని రక్షణకు. మొదటి సీసా ఫలితమును అతడు ఒప్పుకొననిచో 72 గంటలలో అడిగి రెండవ సీసాను వేరొక పరిశోధనశాలలో చూపించుకొనవచ్చును.

వెదకునవి ఐదు జాతులు: గంజాయి, కొకెయిను, నల్లమందు వర్గము, యాంఫెటమినులు, ఫెన్‌సైక్లిడిను. ఇందు నల్లమందు వర్గములో 2018 జనవరి నుండి వైద్యులు నొప్పికి వ్రాయు ఆక్సికొడోను మొదలైన నాలుగింటిని గూడ చేర్చిరి. ఇచ్చటనే ఇల్లాలి పాత్ర వచ్చును.

ఒక ఇల్లాలికి కాన్పు శస్త్రచికిత్స తరువాత వైద్యుడు నొప్పి బిళ్లలు వ్రాసెననుకొందము. నాలుగు మిగిలినవి. ఒకనాటి రాత్రి మగడు నడుము పట్టుకొని ఇల్లు చేరెను. పన్నెండు గంటలు లారీ నడిపినవానికి నడుమునొప్పి వింతగాదు. ఆమె జాలిపడి, ‘ఇది నాకు బాగా పనిచేసినది, మీరును ఒకటి వేసికొనుడు’ అని ఇచ్చెను. మూడవనాడు చీటీలో అతని పేరు వచ్చెను. పరిశోధనశాల ఫలితమును ముందుగా యజమానికి పంపరు. పరీక్షాధికారియగు వైద్యునికి పంపుదురు. ఆయన టెలిఫోనులో డ్రైవరునే అడుగును: ‘నీకీ మందును ఏ వైద్యుడు వ్రాసెను?’ అతడు నిజమే చెప్పును. కాని భార్యకు వ్రాసిన చీటీ భర్తకు చెల్లదు. ఎంత నిజము చెప్పినను ఫలితము తప్పినట్లే. తనకే వ్రాసిన చీటీయైనచో, వైద్యుడు తన పని యెరిగి ఇచ్చినదైనచో, ఆ కథ వేరుగా నుండెడిది. ఇంటిలో ఒకరి మందు మరియొకరికిచ్చుట మనకు చేబదులు పంచదార ఇచ్చినంత సహజమైన అలవాటు. ఆ నాలుగు బిళ్లలు చెత్తబుట్టలో పడియుండినచో ఆ సంసారపు జీవనాధారము నిలిచియుండెడిది.

గసగసాల మాట ఇచ్చితిమి గదా. గసగసాలును నల్లమందును ఒక చెట్టు బిడ్డలే. కాయకు గంటుపెట్టగా స్రవించు పాలు నల్లమందు, ఎండిన కాయలోని గింజలు గసగసాలు. గింజలకు మత్తులేదు గాని, కాయపాలు అంటినందువలన మార్ఫిను లేశము వానిని వదలదు. అమెరికావారు రొట్టెలపైన గసగసాలు చల్లుకొందురు. ఆ రొట్టెలు తిని పరీక్షలో పట్టుబడినవారి మొర వినియే 1998లో ఆ హద్దును 300 నానోగ్రాములనుండి 2,000కు పెంచిరి. ఇప్పటి నియమము ప్రకారము 15,000కు లోపలనున్నచో, ఇతర ఆధారమున్నగాని వైద్యుడు దోషిగా నిర్ణయింపరాదు. దానికి మించినచో తిండి సాకు చెల్లదు. మసాలాలో చెంచాడు గసగసాలు వేయు వంటకత్తెలు భయపడనక్కరలేదు గాని, పాయసము చేసి గ్లాసులతో పోయువారు మగని డ్యూటీ ఎప్పుడో అడిగి పోయుట మంచిదని మా యభిప్రాయము.

గంజాయి సంగతి మాత్రము చిక్కుముడి. అచ్చట పెక్కురాష్ట్రములు దానిని అనుమతించినవి. అంగడిలో అమ్ముదురు. ఐనను కేంద్రప్రభుత్వపు రవాణా నియమమునకు రాష్ట్రపు అనుమతి అడ్డుగాదు. వైద్యుడే సలహా ఇచ్చినను లారీవానికి కూడదు. పట్టుబడువారిలో మిక్కిలి తరచుగా కనబడునదియు గంజాయియే. మాకిందొక న్యాయసందేహము కలదు. ఊపిరిపరీక్ష ‘ఈ క్షణమున వీడు మత్తులో నున్నాడా’ అని చెప్పును. గంజాయి మూత్రపరీక్ష అట్లుగాదు. మత్తు దిగిన దినములకును, అలవాటుపడినవానికి వారములకును, దాని జాడ మిగిలియుండును. శనివారము రాత్రి త్రాగి, బుధవారము తేటగానున్న తలతో వచ్చినవాడును దోషియే. కఠినమే. కాని పదునాలుగు టన్నుల బండి వెనుకనుండి వచ్చునపుడు, తేటతల యున్నదో లేదో యని ఊహించుకొనుట కంటె కఠినమే మేలనువారిని మేము తప్పుపట్టజాలము.

మర్యాదను గూర్చిన వాదము గూడ చిన్నది గాదు. ఏ తప్పును చేయని పనివానిని పిలిచి మూత్రము పోయుమనుట అవమానము కాదా యని రైలు పనివారి సంఘములు సుప్రీముకోర్టుదాక పోయినవి. 1989 మార్చిలో తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఏడుగురు, ప్రజల క్షేమముకొరకు అట్టి పరీక్ష చెల్లుననిరి. తుర్గుడ్ మార్షల్, విలియం బ్రెన్నన్ అను నిరువురు మాత్రము ఒప్పుకొనలేదు. కొందరికి ఒకరు వెలుపల నిలిచియున్నారన్నచో మూత్రము రానేరాదు. అట్టివానికి మూడు గంటల గడువిచ్చి, సుమారు లీటరుంబావు వరకు నీరు త్రాగనిత్తురు. అప్పటికిని రానిచో వైద్యుడు చూచి శరీరలోపమున్నదని వ్రాయవలెను. లేనిచో పరీక్షకు నిరాకరించినట్లే. నిరాకరించుట, మధ్యలో లేచిపోవుట – ఈ రెండును పట్టుబడుటతో సమానము. 2023లో లాలాజలముతో పరీక్షించుటకును నియమములు వ్రాసిరి. తగిన పరిశోధనశాలలు ప్రభుత్వపు టంగీకారము పొందినగాని అది నడువదు. నడిచినచో ఈ అవమానము కొంత తగ్గును.

పట్టుబడినవాని గతి యేమి? ఆ క్షణముననే చక్రము విడువవలెను. యజమాని అతనిని ఉద్యోగమున ఉంచుకొనవలెనని శాసనము లేదు. చికిత్స ఖర్చు భరింపవలెననియు లేదు. కాని తగిన నిపుణుల పేర్లు వ్రాసి ఇవ్వవలెను. ఆ నిపుణుడు అతనిని పరిశీలించి చికిత్సయో, శిక్షణయో విధించును. అది ముగిసినపిమ్మట మరల పరిశీలించును. అటుపిమ్మట మరల పరీక్ష, ఈసారి అదే లింగమునకు చెందినవారొకరు కన్నులార చూచుచుండగా. తేలినపిమ్మటను మొదటి పన్నెండు నెలలలో ఆరుకు తక్కువ కాకుండ పరీక్షలు. అవసరమైనచో ఐదేండ్లవరకు పొడిగింపవచ్చును. ఈ దారి పొడవైనది, ఖర్చుతో గూడినది. ఆ కాలమున సంసారము నీడ్చునది ఇల్లాలే యని వ్రాయనక్కరలేదు.

పూర్వము ఒక సంస్థలో పట్టుబడినవాడు ఆ మాట దాచి ప్రక్కరాష్ట్రములో మరియొక సంస్థలో చేరిపోయెడివాడు. 2020 జనవరి 6వ తేదీనుండి దేశమంతటికిని ఒకే చిట్టా ఏర్పడినది. క్రొత్తవానిని చేర్చుకొనుటకు ముందు అతని యంగీకారముతో ఆ చిట్టా చూడవలెను. ఉన్నవారి పేర్లును ఏడాదికొకసారి చూడవలెను. అందెక్కిన దోషము ఐదేండ్లవరకు గాని, విధించిన పరీక్షలన్నియు ముగియువరకు గాని, ఏది ఆలస్యమో అంతవరకు నిలుచును. 2024 నవంబరు 18 నుండి అట్టివాని పెద్దబండి లైసెన్సునే రాష్ట్రములు తగ్గించివేయుచున్నవి.

ఇక మన సంగతి. చదువరులకు ఆశ్చర్యము కలుగవచ్చును గాని, హద్దు విషయమున మన శాసనమే కఠినమైనది. 1988 నాటి మోటారు వాహనముల శాసనములోని 185వ సెక్షను ప్రకారము 30 మిల్లీగ్రాములు దాటినచో ఎవడైనను నేరస్థుడే. అమెరికా లారీవాని 40 కంటె ఇది తక్కువ. 2019 సవరణతో మొదటిసారి తప్పునకు ఆరునెలలవరకు ఖైదు గాని, పదివేల రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మత్తుమందుల విషయమున మాత్రము ఇంతయని లెక్కలేదు. బండిని అదుపులో నుంచుకొనలేని స్థితిలో నుండుటయే నేరము. ఆ సెక్షను నడుపుచున్నవానిని, నడుపబోవుచున్నవానిని పట్టుకొనును. వీధిలో పోలీసువాడు నిలిచియున్నగాని ఆ ప్రశ్న పుట్టదు. చీటీలు తీయుట, రెండవ సీసా, నిపుణుడు, మరల వచ్చు దారి – ఇవి యన్నియు ఆ సెక్షనులో లేవు. పట్టుబడుట కలదు, బాగుపడుట కానరాదు. మన రాష్ట్రముల రోడ్డు రవాణా సంస్థలు తమ డిపోలలో డ్యూటీ యెక్కు డ్రైవరుచేత యంత్రములో ఊదించు పద్ధతి పెట్టుకొన్నవి. అది మంచిదే. ప్రైవేటు లారీవానిచేతను, బడి బస్సువానిచేతను ఊదించువారెవరు?

ఊదించుటలోను నేర్పు కావలెను. 2025 జూలైలో కేరళలోని పందళము ప్రభుత్వ బస్సు డిపోలో ఉదయమున డ్రైవర్లు ఊదగా యంత్రము త్రాగినట్లు చూపెను. త్రాగలేదని వారు మొత్తుకొనిరి. విచారింపగా డిపోకు ఒకడు తెచ్చిన మిగులపండిన పనసతొనలు తినియుండిరి. త్రాగలేదని యంత్రమే ఒప్పుకొన్న యొకనికి ఆ తొనలు తినిపించి మరల ఊదింపగా, అతడును త్రాగినవాడయ్యెను! పండు మిగులపండినపుడు అందలి తీపి పులిసి, నోటిలో కొంచెము మద్యపు ఆవిరి నిలుచును. అది రక్తములో నున్నది గాదు. అమెరికా నియమములో మొదటి ఊదుటలో తప్పినవానిని పదునైదు నిముషములు ఏమియు తినక, త్రాగక, నోట నేమియు నుంచుకొనక కూర్చుండబెట్టి మరల ఊదింతురు. ఆ రెండవ ఊదుటయే లెక్క. నోటిలోని ఆవిరి అంతలో పోవును, కడుపులోని సారాయి పోదు. పందళపు డ్రైవర్లకు కావలసియుండినది ఆ పావుగంటయే.